రోమ్‌లో రోమా పాస్ కొనాలా, విడి టికెట్లు తీసుకోవాలా?

రోమ్ వెళ్తున్నామని చెప్పగానే ఎవరో ఒకరు "రోమా పాస్ తీసుకోండి, అన్నీ అందులోనే వచ్చేస్తాయి" అంటారు. రోమా పాస్ అంటే కొన్ని మ్యూజియాల ప్రవేశం, నగర రవాణా కలిపి అమ్మే పర్యాటక కార్డు. అందులో అన్నీ రావు. వాటికన్ మ్యూజియం రాదు, ఎయిర్‌పోర్టు రైలు రాదు, కొలోసియంలో టైమ్ స్లాట్ కూడా దానంతట అది రాదు. అలాగని దాన్ని పనికిరాని కార్డని కొట్టిపారేయలేం. సరిగ్గా వాడుకునేవాళ్లకు గిట్టుబాటవుతుంది. కాకపోతే మనవాళ్లు సాధారణంగా రోమ్ చూసే పద్ధతి ఒకటుంది: పిల్లలతో కలిసి, రెండు మూడు రోజుల్లో, అందులో ఒక రోజు వాటికన్‌కు పోను మిగిలిన సమయంలో. అలాంటి ప్రయాణానికి విడి టికెట్లే చవక అని నా గట్టి అభిప్రాయం. ఎందుకో లెక్కతో సహా చెబుతాను. యూరోకు సుమారు నూరు రూపాయలు అనుకుంటే ఈ లెక్కలు చూసుకోవడం తేలిక.

కార్డులో ఏముంది

రోమా పాస్ రెండు రకాలు. 48 గంటలది 36.50 యూరోలు, 72 గంటలది 58.50 యూరోలు. ఈ ధరలు అప్పుడప్పుడూ పెరుగుతుంటాయి కాబట్టి కొనే ముందు అధికారిక వెబ్‌సైట్‌లో ఒకసారి చూసుకోండి. 48 గంటల కార్డుతో మీరు మొదట వెళ్లిన ఒక్క చోట ప్రవేశం ఉచితం. 72 గంటల కార్డుతో మొదటి రెండు చోట్ల ఉచితం. ఆ తర్వాత జాబితాలో ఉన్న మిగతా మ్యూజియాల్లో టికెట్ ధర కొంత తగ్గుతుంది. రెండు కార్డుల్లోనూ నగరం లోపల బస్సు, ట్రామ్, మెట్రో ఎన్నిసార్లయినా ఎక్కొచ్చు. మ్యూజియం దగ్గర గానీ మెట్రో గేటు దగ్గర గానీ కార్డును మొదటిసారి వాడిన క్షణం నుంచి గంటలు మొదలవుతాయి.

ఇక్కడ చాలామంది పట్టించుకోని సంగతి ఆ "మొదటి" అనే షరతు. ఏది ఖరీదైందో చూసి దాన్ని ఉచితం చేసే ఏర్పాటు కార్డులో లేదు. దారిలో కనిపించిందని ఆరేడు యూరోల చిన్న మ్యూజియంలోకి ముందు వెళ్తే మీ ఉచిత ప్రవేశం దానికే ఖర్చయిపోతుంది, కొలోసియానికి తగ్గింపు మాత్రమే మిగులుతుంది. కాబట్టి ఖరీదైన చోట్లకు ముందు వెళ్లాలి. కొలోసియం, దాని పక్కనే ఉన్న ప్రాచీన శిథిలాలు రోమన్ ఫోరం, పలటైన్ కొండ, ఈ మూడూ కలిపి ఒక్క చోటుగానే లెక్క. అది మనకు లాభమే. విడిగా కొన్నా ఆ మూడింటికీ కలిపి ఒకే టికెట్, 18 యూరోలు, 24 గంటలు చెల్లుతుంది. గ్లాడియేటర్లు దిగిన అరీనా, కింద జంతువుల్ని ఉంచిన భూగర్భం చూడాలంటే మాత్రం 24 యూరోల ఫుల్ ఎక్స్‌పీరియన్స్ టికెట్ వేరేగా తీసుకోవాలి. అది మీకు ముఖ్యమైతే కార్డు ఆలోచన అక్కడితోనే సగం ఎగిరిపోతుంది, ఎందుకంటే కార్డులో అత్యంత విలువైన ఉచిత ప్రవేశం కొలోసియమే.

లెక్క వేస్తే

ముందు 48 గంటల కార్డు చూద్దాం. కొలోసియం 18 యూరోలు. రోమ్ రవాణా సంస్థ అటాక్ అమ్మే 48 గంటల టికెట్ 15 యూరోలు. రెండూ కలిపితే 33. కార్డు 36.50. అంటే బస్సులూ మెట్రో ఎంత తిరిగినా, మరో మ్యూజియంలో తగ్గింపు వాడుకుంటే తప్ప పెట్టిన డబ్బు తిరిగి రాదు. ఇక నిజంగా ఎన్నిసార్లు ఎక్కుతాం? రోమ్ పాత నగరం నడిచి చూడాల్సిందే. పాంథియన్ అనే పురాతన రోమన్ గుడి నుంచి ట్రెవీ ఫౌంటెన్‌కు పది నిమిషాలు, అక్కడి నుంచి స్పానిష్ మెట్లకు మరో పది నిమిషాలు. ఒక్కసారి వాడే టికెట్ 1.50 యూరోలు, 100 నిమిషాలు చెల్లుతుంది, ఆ లోపు బస్సులు మారొచ్చు కానీ మెట్రో ఒక్కసారే. రోజుకు నాలుగు టికెట్లు వాడినా రెండు రోజులకు 12 యూరోలు. కొలోసియంతో కలిపి 30. కార్డు కొన్నవాళ్లు మనిషికి ఆరున్నర యూరోలు ఎక్కువ పెట్టినట్టే.

72 గంటల కార్డు కొంచెం నయం. కొలోసియం 18, శిల్పాలు, చిత్రాలున్న మ్యూజియం బోర్గేసే గ్యాలరీ రిజర్వేషన్‌తో కలిపి సుమారు 18, 72 గంటల బస్ టికెట్ 22. మొత్తం 58. కార్డు 58.50. దాదాపు సమానం. ఈ మూడు రోజుల్లో మూడోది, నాలుగోది, ఐదోది కూడా చూస్తే అక్కడి తగ్గింపులన్నీ మీకు మిగులు. కానీ రోజుకు మూడుసార్లే బస్సెక్కే మనిషికి మూడు రోజుల రవాణా ఖర్చు 13.50 యూరోలు. అప్పుడు విడి టికెట్ల మొత్తం 49.50. తొమ్మిది యూరోల తేడా. భార్యాభర్తలిద్దరికీ కలిపి పద్దెనిమిది, అంటే 1,800 రూపాయలు. ఆ డబ్బుతో ఇద్దరూ పిజ్జా, కాఫీ తీసుకోవచ్చు.

కాబట్టి 72 గంటల కార్డు ఎవరికంటే: ఊరికి దూరంగా, చవక అద్దె గదిలో దిగి రోజుకు ఐదారుసార్లు మెట్రో ఎక్కేవాళ్లకు, మూడు రోజుల్లో కనీసం నాలుగు మ్యూజియాలు నిజంగా చూసే ఓపిక ఉన్నవాళ్లకు. ఈ రెండు షరతులూ కలిస్తేనే. ఒంటరిగా తిరిగే విద్యార్థులు, చరిత్ర పిచ్చి ఉన్న జంటలు ఈ కోవలోకి వస్తారు. 48 గంటల కార్డును మాత్రం నేను ఎవరికీ గట్టిగా సిఫార్సు చేయను.

టికెట్లు కొనడం తలనొప్పి అనుకుని కార్డు వైపు మొగ్గేవాళ్లు ఒక విషయం తెలుసుకోవాలి. రోమ్ మెట్రో గేటు దగ్గరా బస్సులోనూ బ్యాంకు కార్డును గానీ ఫోన్‌ను గానీ తాకిస్తే చాలు, టికెట్ అదే కొట్టేస్తుంది. ఒక రోజులో ఎంత తిరిగినా 24 గంటల టికెట్ ధర, అంటే 8.50 యూరోలు దాటి తీసుకోదు. మనిషికొక కార్డు ఉండాలి, ఒకే కార్డుతో ఇద్దరికి కుదరదు. మన భారతీయ బ్యాంకు కార్డుల్లో విదేశీ వాడకం, కాంటాక్ట్‌లెస్ వాడకం మొదట్లో ఆఫ్ చేసి ఉంటాయి. బయల్దేరే ముందే బ్యాంకు యాప్‌లోకి వెళ్లి రెండూ ఆన్ చేసుకోండి. అక్కడికి వెళ్లాక, ఓటీపీ రాక, గేటు దగ్గర వెనకాల జనం నిలబడి ఉంటే ఆ టెన్షన్ అనవసరం.

వాటికన్ రోజును ఏం చేయాలి

రోమ్‌లో ఉన్నా వాటికన్ వేరే దేశం, దాని టికెట్ల వ్యవహారమూ వేరే. మ్యూజియం, సిస్టీన్ చాపెల్ కలిపి 20 యూరోలు, ఆన్‌లైన్‌లో బుక్ చేస్తే మరో 5. రోమా పాస్‌తో పైసా తగ్గదు. సెయింట్ పీటర్స్ బసిలికా లోపలికి అందరికీ ఉచితమే, భద్రతా తనిఖీ క్యూ మాత్రం తప్పదు. ఈ రెండూ సరిగ్గా చూస్తే ఒక రోజు అయిపోతుంది, కాళ్లూ అయిపోతాయి.

ఇప్పుడు 72 గంటల కార్డు కొని, మధ్యలో వాటికన్ రోజు పెట్టుకున్నారనుకోండి. కార్డులో మూడో వంతు గంటలు ఒకట్రెండు మెట్రో ప్రయాణాలకే పోతాయి. నా లెక్కలో కార్డు కొన్నవాళ్లకు జరిగే అతిపెద్ద నష్టం ఇదే. కార్డే కావాలనుకుంటే వాటికన్‌ను కార్డు గంటలకు బయట పెట్టండి, ముందో వెనకో.

గంటలు క్యాలెండర్ రోజులతో కాకుండా గడియారంతో నడుస్తాయి కాబట్టి ఇంకో వెసులుబాటు ఉంది. మంగళవారం మధ్యాహ్నం రెండింటికి మొదలుపెడితే 72 గంటల కార్డు శుక్రవారం మధ్యాహ్నం రెండింటి దాకా ఉంటుంది. మంగళవారం పొద్దున నడుచుకుంటూ పాత వీధులు చూసి, మధ్యాహ్నం కొలోసియం స్లాట్‌తో కార్డు తెరిస్తే నాలుగు రోజుల మీద పరుచుకుంటుంది. పొద్దున్నే హోటల్ నుంచి బయటికి వస్తూ ఒక్క స్టాప్ దూరానికి కార్డు తాకించేసేవాళ్లు ఈ సగం రోజును ఊరికే పోగొట్టుకుంటారు.

సోమవారం సంగతి కూడా గుర్తుంచుకోండి. బోర్గేసే గ్యాలరీ, కాస్తెల్ సాంత్ ఆంజెలో కోట, పలాజ్జో మాస్సిమో మ్యూజియం సోమవారం మూసి ఉంటాయి. కొలోసియం, కాపిటోలిన్ మ్యూజియం తెరిచే ఉంటాయి. ఆదివారం ఉదయం రోమ్‌లో దిగే ప్యాకేజీ ప్రయాణికులకు ఆదివారం వాటికన్ మ్యూజియం మూత, సోమవారం పైన చెప్పిన ఆ మూడూ మూత. అలాంటప్పుడు కార్డు కొనడం శుద్ధ దండగ. వాటికన్ మ్యూజియం నెలలో చివరి ఆదివారం పొద్దున ఉచితంగా తెరుస్తారు గానీ ఆ రోజు క్యూ చూస్తే 20 యూరోలు ఇచ్చేయడమే సుఖం అనిపిస్తుంది. ప్రతి నెలా మొదటి ఆదివారం ఇటలీ ప్రభుత్వ మ్యూజియాలు ఉచితం, కొలోసియంతో సహా. ఏప్రిల్ 25, జూన్ 2, నవంబర్ 4 తేదీల్లోనూ అంతే. ఆ తేదీలు మీ ప్రయాణంలో పడితే కార్డు గంటలు వాటి మీదకు రాకుండా చూసుకోండి.

స్లాట్ దొరక్కపోతే కార్డు ఎందుకు?

డబ్బు లెక్క కంటే ఇది ముఖ్యం. కొలోసియానికి రోమా పాస్ ఉన్నా ముందుగా టైమ్ స్లాట్ బుక్ చేసుకోవాలి. బోర్గేసే గ్యాలరీకీ అంతే, అక్కడ రెండు గంటల స్లాట్లలో పరిమితంగానే మనుషుల్ని పంపుతారు. ఎండాకాలంలో, ఈస్టర్ రోజుల్లో ఈ స్లాట్లు చాలా ముందే అయిపోతాయి. కార్డు కొనేసి, రోమ్ చేరాక స్లాట్ కోసం చూస్తే మీరున్న రోజుల్లో ఒక్కటీ ఉండకపోవచ్చు. అప్పుడు ఆ ఉచిత ప్రవేశం ఏ చిన్న మ్యూజియానికో వాడుకోవాల్సి వస్తుంది.

అందుకే వరుస తిప్పండి. ముందు మీ తేదీల్లో కొలోసియం, బోర్గేసే స్లాట్లు ఉన్నాయో లేదో అధికారిక సైట్లలో చూడండి. కొలోసియం టికెట్లు సాధారణంగా 30 రోజుల ముందు తెరుచుకుంటాయి. కార్డుదారుల కోటాలో దొరికితే కార్డు గురించి ఆలోచించండి, మామూలు టికెట్లలోనే దొరికితే అవే తీసుకోండి. 2023 అక్టోబర్ నుంచి కొలోసియం టికెట్ల మీద పేరు ఉంటుంది, గేటు దగ్గర పాస్‌పోర్టు అడుగుతారు. పాస్‌పోర్టులో ఇంటిపేరు, పేరు ఎలా ఉన్నాయో అలాగే టైప్ చేయండి. మన తెలుగు పేర్లలో ఇంటిపేరు ముందు, పేరు తర్వాత ఉండడంతో ఈ గళ్లు తారుమారయ్యే అవకాశం ఎక్కువ.

"క్యూ లేకుండా వెళ్లొచ్చు" అనే ప్రచారాన్ని మితంగా నమ్మండి. తప్పేది టికెట్ కౌంటర్ క్యూ ఒక్కటే. బ్యాగులు స్కాన్ చేసే తనిఖీ క్యూలో కార్డున్నా లేకున్నా అందరూ నిలబడాల్సిందే. కౌంటర్ క్యూ ఆన్‌లైన్ టికెట్ ఉన్నవాళ్లకూ తప్పుతుంది కాబట్టి ఆ విషయంలో కార్డుకు ప్రత్యేకత ఏమీ లేదు.

పిల్లలూ, పెద్దవాళ్లూ

18 ఏళ్ల లోపు పిల్లలకు, ఏ దేశం వాళ్లయినా, ఇటలీ ప్రభుత్వ మ్యూజియాల్లో టికెట్ ఉచితం. కొలోసియం, బోర్గేసే, కాస్తెల్ సాంత్ ఆంజెలో, పలాజ్జో మాస్సిమో అన్నీ ఇందులోకే వస్తాయి. 10 ఏళ్ల లోపు పిల్లలకు పెద్దవాళ్లతో ఉంటే బస్సు, మెట్రో కూడా ఉచితం. కాబట్టి పిల్లలకు రోమా పాస్ కొనకండి. ఇందులో రెండో ఆలోచన అక్కర్లేదు. కాపిటోలిన్ మ్యూజియం మాత్రం ప్రభుత్వానిది కాదు, రోమ్ నగరపాలక సంస్థది. అక్కడ పూర్తి ఉచితం బాగా చిన్నపిల్లలకే. ఉచితమే అయినా పిల్లల పేర్ల మీద కొలోసియంలో జీరో టికెట్ బుక్ చేయాలి, పెద్దవాళ్ల టికెట్లతో పాటే. వాళ్ల పాస్‌పోర్టులు హోటల్ లాకర్‌లో పెట్టి వెళ్లకండి.

అమ్మానాన్నల్ని తీసుకెళ్తున్నవాళ్లకు లెక్క ఇంకోలా ఉంటుంది. 65 దాటినవాళ్లకు ప్రభుత్వ మ్యూజియాల్లో వయసు రాయితీ లేదు, పూర్తి ధరే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు నల్లరాళ్లు పరిచిన ఆ దారుల్లో ఎక్కువ నడవలేరు. ప్రతి చిన్న దూరానికీ బస్సు ఎక్కాల్సి వస్తుంది, అక్కడే కార్డులోని రవాణా భాగానికి విలువ వస్తుంది. కానీ అలాంటివాళ్లు మూడు రోజుల్లో నాలుగైదు మ్యూజియాలు చూస్తారా? చూడరు. అందుకని వాళ్లకు నేను చెప్పేది మధ్యేమార్గం: 22 యూరోల 72 గంటల బస్ టికెట్ ఒకటి, కొలోసియం టికెట్ ఒకటి. మొత్తం 40 యూరోలు. మిగతా సమయం హాయిగా చర్చిల్లో, చౌరస్తాల్లో గడపొచ్చు.

రోమ్ యూనివర్సిటీల్లో చదువుకుంటున్న మన పిల్లలకైతే రోమా పాస్ ప్రసక్తే వద్దు. నగరపాలక మ్యూజియాలకు ఏడాది మొత్తానికి 5 యూరోల మిక్ కార్డు ఉంది, విద్యార్థులు తీసుకోవచ్చు. ఇంట్లోవాళ్లు చూడటానికి వచ్చినప్పుడు వాళ్ల టికెట్ల గురించి ఆలోచిస్తే చాలు.

వాటికన్, ఎక్కడైనా ఎక్కి దిగే హాప్ ఆన్ టూరిస్టు బస్సు, రోమా పాస్ అన్నీ కలిపి ఓమ్నియా కార్డని ఇంకోటి అమ్ముతారు. మనిషికి నూరు యూరోలు బాగా దాటుతుంది. విడివిడిగా బుక్ చేసుకునే ఓపిక ఉన్న ఎవరికీ అది అవసరం లేదు.

ఉచిత ప్రవేశం దేనికి వాడాలి

కార్డు కొనాలనే నిర్ణయించుకుంటే మొదటిది కొలోసియం, రెండోది బోర్గేసే. ఇందులో నాకు తర్జనభర్జన లేదు. బోర్గేసేలో బెర్నినీ చెక్కిన "అపోలో, డాఫ్నే" శిల్పం చుట్టూ తిరిగి చూడండి. అపోలో దేవుడి నుంచి పారిపోతూ డాఫ్నే చెట్టుగా మారిపోయే కథ అది. వెనక నుంచి మొదలుపెట్టి నెమ్మదిగా ముందుకు వస్తుంటే డాఫ్నే చేతివేళ్లు ఆకులుగా మారుతున్న చోటు కనిపిస్తుంది. పాలరాతి ఆకు ఎంత పల్చగా ఉంటుందంటే వెలుతురు దాని గుండా వస్తున్నట్టుంటుంది. ఒక్క ఆ శిల్పం దగ్గరే పావుగంట నిలబడాలి. రెండు గంటల స్లాట్ కాబట్టి ముందే వెళ్లండి, బ్యాగులు కింద డిపాజిట్ చేయడానికి కొంత సమయం పోతుంది.

తగ్గింపుతో చూడాల్సినవాటిలో నేను పలాజ్జో మాస్సిమోను అన్నిటికన్నా ముందు పెడతాను. టెర్మినీ స్టేషన్ పక్కనే ఉంటుంది, అయినా జనం ఉండరు. అక్కడ కూర్చున్న బాక్సర్ కంచు విగ్రహం ఉంది. ముఖం మీద గాయాల్లోంచి కారిన రక్తాన్ని చూపడానికి శిల్పి రాగి ముక్కలు పొదిగాడు, దగ్గరికి వెళ్తే ఆ ఎర్రటి చుక్కలు తెలుస్తాయి. పై అంతస్తులో రోమ్ మొదటి చక్రవర్తి అగస్టస్ భార్య లివియా ఇంటి గోడల నుంచి తెచ్చిన తోట చిత్రాలు ఒక గదినిండా ఉంటాయి, దానిమ్మ చెట్లు, పిట్టలు. అగస్టస్ విగ్రహమూ అక్కడే ఉంది. తెలుగువాళ్లకు ఆ ముఖం పూర్తిగా పరాయిది కాదు: నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో దొరికిన రోమన్ వెండి నాణేల మీద ఉన్నవి అగస్టస్, ఆయన తర్వాతి చక్రవర్తి టైబీరియస్‌ల ముఖాలే. శాతవాహనుల కాలంలో మన మిరియాలకూ బట్టలకూ రోమ్ డబ్బు ఇక్కడిదాకా వచ్చింది. ఆ రెండు చివరలూ చూసిన సంతోషం కోసమైనా ఈ మ్యూజియానికి గంటన్నర కేటాయించండి.

కాపిటోలిన్ మ్యూజియం నాలుగోది. రోమన్ చక్రవర్తి మార్కస్ ఆరేలియస్ గుర్రం మీద కూర్చున్న అసలు కంచు విగ్రహం లోపలుంది, బయట చౌక్‌లో ఉన్నది నకలు. కాస్తెల్ సాంత్ ఆంజెలో పైనుంచి ఊరు బాగా కనిపిస్తుంది, లోపల మాత్రం మిగతావాటితో పోలిస్తే తక్కువే. పాంథియన్ 2023 జూలై నుంచి 5 యూరోలు. చిన్న మొత్తమే కాబట్టి దాన్ని కార్డు లెక్కలోకి తేవద్దు, విడిగా కట్టేయండి.

ఇక ఏ కార్డూ అక్కర్లేనివి కొన్ని. పాంథియన్ దగ్గర్లో సాన్ లుయీజీ దేయి ఫ్రాంచేజీ చర్చిలో చిత్రకారుడు కరవాజ్జో గీసిన మూడు పెద్ద బొమ్మలు ఉన్నాయి. మూల చీకటిగా ఉంటుంది. గోడకున్న పెట్టెలో యూరో నాణెం వేస్తే దీపం వెలుగుతుంది, కాసేపటికి ఆరిపోతుంది, పక్కవాళ్లెవరో ఇంకో నాణెం వేస్తారు. జేబులో చిల్లర ఉంచుకోండి. మైకెలాంజెలో చెక్కిన మోజెస్ విగ్రహం కొలోసియానికి నడకదూరంలో సాన్ పియెత్రో ఇన్ వింకోలీ చర్చిలో ఉంది, ఉచితం. 2025 డిసెంబర్‌లో తెరిచిన మెట్రో సీ లైన్ కొలోసియం స్టేషన్‌లో తవ్వకాల్లో బయటపడ్డ పురాతన బావుల్ని స్టేషన్ లోపలే ప్రదర్శనగా ఉంచారు. మెట్రో టికెట్‌తో చూడొచ్చు.

కార్డు కొనేటప్పుడు నగర టూరిస్ట్ ఇన్ఫో పాయింట్లలో గానీ, అధికారిక సైట్‌లో గానీ తీసుకోండి. కొలోసియం ముందు మెడలో ట్యాగ్ వేసుకుని "మేడమ్, నో క్యూ" అని వెంటపడేవాళ్లు అమ్మేది చాలాసార్లు కార్డు కాదు, మూడింతల ధరకు గైడెడ్ టూర్. కార్డు చేతికి రాగానే పేరు రాసి సంతకం పెట్టుకోండి. అది మనిషికొకటి, మీ తర్వాత మీవాళ్లు వాడడానికి కుదరదు. విమానాశ్రయం నుంచి టెర్మినీకి వచ్చే లియొనార్డో ఎక్స్‌ప్రెస్‌కు 14 యూరోల టికెట్ వేరేగా తీసుకోవాలి. ఎయిర్‌పోర్టులోనే కార్డు కొన్నా దాన్ని వెంటనే తెరవకండి, మొదటి మ్యూజియం స్లాట్ సమయం దాకా పర్సులోనే ఉంచండి.